గోడ ఎవరి కోసం?
గోడను గాజుగా మారిస్తే మనిషి అడవికి దగ్గరవుతాడన్న నమ్మకం ఆధునిక వాస్తుశిల్పంలో గట్టిగా పాతుకుపోయింది. ఇటలీ నుంచి 1946లో బ్రెజిల్ వెళ్లిన వాస్తుశిల్పి లీనా బో బార్డీ, సావో పాలోలోని మొరుంబీ కొండమీద 1951లో పూర్తిచేసిన గాజు ఇల్లే చూడండి. సన్నని స్తంభాలమీద నిలిచిన హాలు చుట్టూ గాజు. నడుమ వదిలిన ఖాళీలోంచి పైకి లేచిన చెట్టు. ఫొటోలు చూస్తే అడవిని చీల్చకుండా కట్టారనిపిస్తుంది. కానీ కట్టేనాటికి ఆ కొండ చాలావరకు బోడిది. ఇప్పటి పచ్చదనంలో ఎక్కువ భాగం తర్వాత నాటి పెంచిందే. పడకగదులు, వంటిల్లు, పనివాళ్ల గదులు వెనకవైపు మామూలు గోడల మధ్యే ఉన్నాయి. గోడ మాయం కాలేదు, అతిథుల కంట పడని చోటికి జరిగింది.

అలా జరగడం తప్పని నేననను. హద్దును అహంకారానికి గుర్తుగా చూడటమే పొరపాటు. హద్దు ఎదుటివాళ్లనూ కాపాడగలదు. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని మహావగ్గం, వానాకాలంలో ఒకచోటే ఉండే వర్షావాసం ఎలా మొదలైందో చెబుతుంది. వానాకాలంలోనూ భిక్షువులు తిరుగుతూ పచ్చగడ్డిని తొక్కుతున్నారని, చిన్నచిన్న ప్రాణులను చంపుతున్నారని జనం ఆక్షేపించారు. పక్షులు సైతం ఆ కాలంలో గూడు కట్టుకుని ఉంటాయి కదా అని ఎత్తిపొడిచారు. బుద్ధుడు వానాకాలమంతా ఒకచోటే ఉండమన్నాడు. అక్కడ నివాసం భిక్షువును వాననుంచి కాపాడటం అటుంచి, గడ్డిని భిక్షువు కాళ్లనుంచి కాపాడింది. ఈ రెండో పని గాజుకు చేతకాదు. అందులో ఆకాశాన్ని చూసి పిట్టలు గుద్దుకుని చస్తాయి. రాత్రి మన దీపాల వెలుగు పురుగులను పిలుస్తుంది.

జీవులన్నీ ఒకటే అయినప్పుడు మనిషికీ మిగతా ప్రాణులకీ మధ్య ఈ హద్దెందుకని అద్వైతి అడగొచ్చు. కానీ శంకరులు పరమార్థాన్నీ (అంతిమ సత్యాన్నీ) వ్యవహారాన్నీ (రోజువారీ లోకాన్నీ) వేరుచేసే మాట్లాడారు. ఇల్లు కట్టడం వ్యవహారమే. చూడనిదాన్ని ప్రేమించలేమన్న రెండో అభ్యంతరం మరింత బలమైనది. మొరుంబీలో చెట్లు పెరగడానికి ఆ గాజు కొంత ప్రేరణ అయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ పెంచింది చూపు కాదు, నాటిన చేతులు. ఫ్రాన్స్‌లోని కాప్ ఫెరెలో 1998లో వాస్తుశిల్పులు లకటోన్, వసాల్ కట్టిన ఇల్లు నాకు ఇంకా నిజాయితీగా కనిపిస్తుంది. అక్కడ పైన్ చెట్లు ఇంటిని చీల్చుకుని పైకి పోతాయి. గాలికి అవి ఊగినప్పుడు కదిలేలా కప్పు దగ్గర వాటి చుట్టూ పలకలు అమర్చారు. అది హద్దును చెరిపేసిన ఇల్లు కాదు. హద్దు దగ్గర ఎవరు తగ్గాలో ముందే తేల్చుకున్న ఇల్లు.