బడిపిల్లవాని చాకు

ఇంగ్లీషులో ‘పెన్‌నైఫ్’ అను మాట యొకటి కలదు. పాఠమున అది వచ్చినపుడు ‘చిన్న చాకు’ అని యర్థము చెప్పి ముందునకు సాగిపోవుట మా యుపాధ్యాయులకు వాడుక. కాని యా మాటను విడదీసి చూచినచో ‘కలపు కత్తి’ యని తేలును. పక్షియీక మొనను కోసి, చీల్చి, సిరాలో ముంచి వ్రాసిన దినములలో చాకు లేని విద్యార్థి కలము లేనివానితో సమానుడు. మన దేశమునందును వ్రాయుటకు గంటమును, తాటాకుల యంచులు సరిచేయుటకు కత్తియు కావలసియుండెను. రెంటిని ఒకే పిడిలో అమర్చిన పనిముట్లు వస్తుప్రదర్శనశాలలలో నేటికిని కానవచ్చును. సంస్కృతమున శస్త్రమనగా ఆయుధమే గాక వైద్యుని పనిముట్టు గూడ. సుశ్రుతుడు ఇరువది శస్త్రములను పేర్కొన్నాడు; అవి యన్నియు ప్రాణము నిలుపుటకే. ఇనుపముక్కకు ఏ పేరు వచ్చునను సంగతి దానిని పట్టిన చేతినిబట్టియు, ఆ చేతిని చూచెడి కన్నునుబట్టియు నుండును. నేను వ్రాయదలచినది ఆ కన్నును గుఱించి.

నాకు నలువదియైదేండ్లు. నేను చదువుకొన్నది గోదావరి కాలువ ప్రక్కనున్న యొక పల్లెటూరి బడిలో. పెన్సిలు చెక్కుకొనుటకు, తండ్రి గడ్డము గీచుకొని పారవేసిన బ్లేడును సగముగా విఱిచి, కాగితమున చుట్టి, సంచిలో దాచుకొనెడివారము. ఒంటిపూట బడులు వచ్చినవనగా మామిడికాయలును వచ్చినవన్నమాట. ఉప్పు, కారము పొట్లములు ఎవరైనను తేగలరు. చాకు మాత్రము ఒకరిద్దఱికే యుండెడిది. అది గలవాడు ఆ దినములలో మాకు రాజు. ఒకనాడు మా మేష్టారు వానిని బల్లకడకు పిలువగా, ఇక చాకు పోయినదే యనుకొంటిమి. ఆయన దానిని పుచ్చుకొని, తన బెత్తము కొన చెక్కుకొని, తిరిగి యిచ్చివేసిరి. ఆ చాకువలన ఎవ్వరికిని గాయమైనట్లు నాకు జ్ఞాపకము లేదు. బెత్తము దెబ్బలు మాత్రము బాగుగా జ్ఞాపకమున్నవి.

ఈ కథ చెప్పి ‘ఆ కాలమే మేలు’ అని నిట్టూర్చుట సులభము. అట్లు నిట్టూర్చువారితో నేను కలియజాలను. 2012 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన యుపాధ్యాయురాలిని తరగతి గదిలోనే పొడిచి చంపెను. 2024 ఆగస్టులో ఉదయపూరున పదవ తరగతి బాలుడొకడు సహపాఠి కత్తిపోటునకు గుఱియై కొన్ని దినములకు మరణించెను; ఊరిలో అల్లరులు చెలరేగెను; రాజస్థాన విద్యాశాఖవారు కత్తులు, కత్తెరలు మొదలైన వాడి వస్తువులను పిల్లలు బడికి తేరాదని యాజ్ఞాపించిరి. మఱుసటి యేడు అదే నెలలో అహమ్మదాబాదున ఇట్టిదే మఱియొకటి. చనిపోయిన ఆ పిల్లల తల్లులకు నేను నా మామిడికాయల కథ వినిపింపగలనా?

కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక పాఠశాలలో, అట్టి వార్త యొకటి పత్రికలలో వచ్చిన మఱునాడు, పిల్లల సంచులు వెదకవలయునని నిర్ణయమైనది. ఆ పని నాకును మఱి యిద్దఱికిని అప్పగింపబడెను. మేము వెనుక బల్లలనుండి మొదలుపెట్టితిమి. ఎందుకని ఎవ్వరును అడుగలేదు. వెనుక బల్లలపై ఏ యిండ్ల పిల్లలు కూర్చుందురో చదువరులెఱుగుదురు. మేము ముందు బల్లలకు వచ్చుసరికి గంట మ్రోగినది.

ఎనిమిదవ తరగతి బాలుని సంచిలో, పుస్తకముల యడుగున, పాతగుడ్డలో చుట్టిన కఱ్ఱపిడి చాకు దొరకినది. వాడు తెల్లవాఱుజామున లేచి గేదెకు గడ్డి కోసివేసి బడికి వచ్చెడి పిల్లవాడు. ఇంటివద్ద కొడవలిని నమ్మి చేతికిచ్చిన బాలుని, బడిలో జానెడైనను లేని చాకునకై దొంగనువలె నిలువబెట్టితిమి. ‘ఎందుకు తెచ్చావురా?’ అని నేనడుగవలసినది. ‘ఎవరిని పొడుద్దామని తెచ్చావురా?’ అని యడిగితిని. వాడు నేల చూచుచు నిలుచుండెను. నేను చాకును ప్రధానోపాధ్యాయునికి అప్పగించితిని. ఆయన వాని తండ్రికి కబురంపిరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా తరపున వాదించువారెవరైన దొరకుదురేమో యని వెదకుకొంటిని. సీతాదేవి దొరకినది. అరణ్యకాండమున రాముడు మునులకు రాక్షసవధ చేసెదనని మాట యిచ్చి బయలుదేఱగా, సీత దారిలో అతనితో వాదించును. తమయెడ వైరము లేనివారిని చంపుటకు విల్లు పట్టి పోవుట ఆమెకు నచ్చలేదు. అందులకామె యొక కథ చెప్పును. ఒక వనమున సత్యవంతుడైన తపస్వి యుండెను. అతని తపస్సు చెఱుపదలచి ఇంద్రుడు భటుని వేషమున వచ్చి, తన ఖడ్గమును దాచియుంచుమని యతనికడ ఉంచిపోయెను. పరుల సొత్తు పోవునేమో యను భయమున ఆ తపస్వి దానిని విడువక, పండ్లకును దుంపలకును పోవునప్పుడు సైతము వెంటగొనిపోయెడివాడు. నిత్యమును కత్తిని మోయగా మోయగా అతని బుద్ధి క్రూరమైనది, తపస్సు పోయినది, తుదకు నరకము ప్రాప్తించినది. అతడు కత్తిని కోరలేదు. ఎవ్వరిపైనను అతనికి పగ లేదు. చేతనున్న వస్తువే అతనిని మార్చినది. ఇంతకంటె బాగుగా ఈ సంగతిని చెప్పిన మనశ్శాస్త్రజ్ఞుని నేనెఱుగను. పదునాలుగేండ్ల యీడున చెంపదెబ్బతో ముగియవలసిన తగవు జేబులో చాకున్నందువలననే శవముతో ముగియును. కావున బడిలో చాకు ఉండరాదు. ఈ విషయమున నాకు నాడును సందేహము లేదు, నేడును లేదు.

సీత చెప్పినదానిని ఇంగ్లండువారు మన కాలమున శాసనముగా వ్రాసికొనిరి. 1988లో వారు చేసిన చట్టము, తగిన కారణము లేక బహిరంగ స్థలములలో కత్తి వెంటనుంచుకొనుటను నేరమని చెప్పుచు, మూడంగుళములకు మించని మడతచాకును మాత్రము విడిచిపెట్టెను. ఒకప్పుడు ప్రతి బాలుని జేబులోను ఉండిన చాకు అదియే గదా! 1995 డిసెంబరులో లండను నగరమున ఫిలిప్ లారెన్స్ అను ప్రధానోపాధ్యాయుడు, తన బడి వెలుపల కొందఱు కుఱ్ఱవాండ్రు తన విద్యార్థి నొకనిని కొట్టుచుండగా అడ్డుపోయి, పదునైదేండ్ల బాలుని కత్తిపోటునకు ప్రాణము విడిచెను. మఱుసటి యేడు బడి యావరణమున కత్తి కలిగియుండుటను ప్రత్యేక నేరముగా చేసిరి. 2006 నాటి శాసనము పిల్లలను వెదకు నధికారమును బడిపెద్దల కిచ్చెను. ఇవి యన్నియు ఒక మంచివాని మరణమునుండి, న్యాయమైన దుఃఖమునుండి పుట్టినవి. నేను వీనిని తప్పుపట్టను.

అమెరికాలో ఈ త్రోవ యెంత దూరము పోయెనో చూడుడు. 1994లో అక్కడి కేంద్రప్రభుత్వము, బడికి తుపాకి తెచ్చిన విద్యార్థిని ఒక సంవత్సరము వెలివేయవలయునని నియమము చేసెను. తుపాకికి పుట్టిన యా నియమమును అనేక పాఠశాలలు కత్తికిని, కత్తివలె కనబడుదానికిని చాచినవి. దీనికి ‘జీరో టాలరెన్స్’ అని పేరు. మన మాటలలో చెప్పవలెనన్న, విచారణ లేని శిక్ష. 2009లో డెలవేర్ రాష్ట్రమున ఆఱేండ్ల బాలుడొకడు బాలభటుల శిబిరమునకై కొనిన చెంచా, ముల్లు, చాకు కలిసిన మడత పనిముట్టును మధ్యాహ్నపు భోజనమునకు తెచ్చుకొనెను. వానిని నలువదియైదు దినములు దారితప్పిన పిల్లలకై యేర్పఱచిన బడికి పంపవలయునని నిర్ణయించిరి! దేశమంతయు నవ్వినపిదప ఆ నియమమును మార్చుకొనిరి. అంతకు ముందే అమెరికా మనశ్శాస్త్రజ్ఞుల సంఘము నియమించిన విచారణసంఘము, ఇట్టి విధానమువలన బడులు మఱింత క్షేమమైనట్లు సాక్ష్యము లేదని తేల్చియుండెను.

కెనడాలో ఒక సిక్కు బాలుడు తన కృపాణముతో బడికి పోవచ్చునా యను వివాదము అత్యున్నత న్యాయస్థానమునకు ఎక్కెను. 2006లో న్యాయమూర్తులు పోవచ్చుననిరి. కఱ్ఱ యొఱలో పెట్టి, గట్టిగుడ్డలో కుట్టివేసి, దుస్తుల లోపల ధరింపవలయునను కట్టుబాట్లు మాత్రము నిలిపిరి. బడిలోని కత్తెర, పెన్సిలు, బంతాట కఱ్ఱ గూడ ఆయుధములు కావచ్చునని వారికి తోచినది. నిషేధించుట తప్పక వారి వశమున నుండెను. అయినను ముందుగా పిల్లవాని వంక చూచి, ఇది యెందులకు వీనికడ నున్నదని యడిగిరి. నేనడుగని ప్రశ్న అదియే.

సీత వాదమును తలచుకొన్నవాడు రాముని జవాబును గూడ తలచుకొనవలయును గదా! ఆ రాత్రి నేను పుస్తకమును ముందుగనే మూసితిని. తరువాతి సర్గమున రాముడనును: క్షత్రియుడు విల్లు పట్టుట లోకమున ఆర్తుల మొఱ వినబడకుండుటకే. అంతటితో విడువడు. ‘నేను పోయి సేవింపవలసిన మునులు తామే నాకడకు వచ్చి రక్షింపుమని యడుగవలసివచ్చెనే యని వారి యెదుట సిగ్గుపడితిని’ అని చెప్పును. అడిగించుకొనుటయే రక్షకునకు అవమానమన్నమాట. మునులు కత్తులు పట్టలేదు; పట్టవలసిన పని లేకుండ చేయుట మఱియొకని బాధ్యత. సీత మాట పిల్లవానికి, రాముని మాట పెద్దవానికి. మనము మొదటిదానిని గోడమీద వ్రాసి రెండవదానిని మఱచితిమి. చాకును లాగికొన్న చేయి, చాకును తెప్పించిన భయమును గూడ పుచ్చుకొననియెడల, ఆ చేసినది సగము పనియే. ఆ సగము పనిని నేను న్యాయమనజాలను.

స్కాట్లండులోని గ్లాస్గో నగరమున పోలీసులే ఈ సంగతిని గ్రహించిరి. 2005లో వారు కత్తిపోట్లను అంటురోగమువలె చూచి, ఎక్కడ పుట్టుచున్నది, ఎవరినుండి ఎవరికి అంటుచున్నది అని వెదకుట కొక శాఖను నెలకొల్పి, బడులను, వైద్యులను, తల్లిదండ్రులను కలుపుకొనిరి. ఆ దేశమున శిక్షలు తగ్గలేదు, పెంచిరి గూడ. తరువాతి పదేండ్లలో హత్యలు సుమారు సగమునకు తగ్గెను. రెంటిలో దేని ఫలమెంత యని తూచుట నా పని కాదు. రెండును చేసిరన్నది నాకు చాలును.

‘భయముచేత తెచ్చినవానిని, క్రౌర్యముచేత తెచ్చినవానిని వెదకువాడు ఎట్లు కనిపెట్టును?’ అని మిత్రుడొక డడిగెను. కనిపెట్టలేడు. అందుచేత వెదకుట అందఱికిని సమానము కావలయును, ముందు బల్లలతో సహా. శిక్ష మాత్రము అడిగి తెలిసికొన్నపిదపనే. ఇందులకు పట్టు కాలము అరగంట.

ఆ యరగంట నేను మఱునాటి యుదయమున వెచ్చించితిని. వానిని చెట్టుక్రిందికి తీసికొనిపోయి, చాకు ఎందుకు తెచ్చినావని మెల్లగా అడిగితిని.

‘కాలవగట్టు కాడ పెద్దోళ్ళు ఆపుతున్నారండి మేష్టారండి. డబ్బులియ్యకపోతే పుస్తకాలు కాలవలో పారేస్తున్నారండి.’

‘మఱి ఎవరికైనా చెప్పావురా?’

‘మీకే చెప్పానండి. సంక్రాంతి సెలవల ముందు.’

చెప్పినాడు. మార్కులు ఎక్కించుచుండగా గుమ్మము కడకు వచ్చి చెప్పినాడు. తల యెత్తకయే ‘నలుగురితో కలిసి పోరా’ అంటిని. వాని యూరినుండి మా బడికి వచ్చువాడు వాడొక్కడే.

నేను పోయి ప్రధానోపాధ్యాయునితో ఈ సంగతి చెప్పితిని. దారిలో జరుగునది మన పరిధిలోనిది కాదనియు, కాగితము సిద్ధమైనదనియు ఆయన చెప్పిరి. లారెన్సు చనిపోయినది బడి వెలుపలనే గదా యని నాకు తోచినది, పైకి అనలేదు. మధ్యాహ్నము తండ్రి వచ్చెను. చూపినచోట వ్రేలిముద్ర వేసి, బదిలీ పత్రమును మడిచి జేబులో పెట్టుకొని, చేతులు కట్టుకొని నిలుచుండెను. ఇంకను ఏమి కావలయునని అడుగగా,

‘ఆ చాకు ఇప్పించండి బాబూ. ఇంట్లో కూరలు తరుక్కోడానికి అదొక్కటేనండి’ అనెను.

బీరువా తాళము తీసి నేనే తెచ్చి యిచ్చితిని. అతడు దానిని తువ్వాలు కొనలో ముడివేసికొని, కొడుకును సైకిలు వెనుక ఎక్కించుకొని, కాలువగట్టు దారినే పోయెను.