అరుగుదల యెవరి పాలు?

లోకమున నుపయోగపడు వస్తువేదియు నరుగక మానదు. అరుగని వస్తువును జూపుమని యెవరైన నడిగినచో, పెట్టెలో బెట్టి తాళము వేసినదానినే చూపవలయును. అదియు తుప్పు పట్టదని చెప్పజాలము. కాబట్టి అరుగుదల దోషము కాదు; అది సేవకు జెల్లించు మూల్యము. ఆ మూల్యమును జెల్లింపక తప్పదు. అయితే దానిని జెల్లింపవలసినవా రెవరు? ఈ ప్రశ్న ధర్మవిచారమునకు సంబంధించినదే యైనను, దీనికి దగిన యుదాహరణము మన వాకిట గోడకు జేరవేసియున్న సైకిలునందే కలదు.

ప్రతిదినము పది కిలోమీటర్లు తొక్కుచు పనికి బోవువాని సైకిలును దీసికొందము. కొంతకాలమునకు సీటు తోలు పగులును; లాగు కూర్చుండుచోట పలుచబడును; సంచి పట్టె కుట్లు విడును. ఇవి కంటికి గనబడు నరుగుదలలు. కనబడనిది గొలుసుది. గొలుసు సాగినదని జనులందురు గాని, నిజమునకు ఉక్కు సాగలేదు. ఒక్కొక్క కీలునందలి చీలయు, దానిచుట్టు నుండు భాగమును రవంత రవంతగా నరుగగా, ఆ రవంతలన్నియు గూడి గొలుసు పొడవగుచున్నది. 1880లో మాంచెస్టరునందు హాన్సు రెనోల్డు కల్పించిన జాతి గొలుసే నేటికిని సైకిళ్ళ కాధారము. ఇందు చీలకును చీలకును నడుమ దూరము అరయంగుళము. కొత్త గొలుసున 24 కీళ్ళు గొలిచినచో సరిగా 12 అంగుళములుండును. అంగుళములో పదియారవ వంతు హెచ్చినదా, గొలుసు మార్చుకాలము సమీపించినది. ఎనిమిదవ వంతు హెచ్చినదా, పళ్ళచక్రములకును హాని కలిగియుండును. పిమ్మట కొత్త గొలుసు వేసినను, అరిగిన పళ్ళమీద నది నిలువక జారును. చౌకదానిని సకాలమున మార్పని ఫలమును వెలగలది యనుభవించును.

బ్రేకు రబ్బరు కథయు నిట్టిదే. రాయిడిలో మెత్తని రబ్బరరుగవలెను, గట్టి చక్రము నిలువవలెనని చేసినవాని సంకల్పము. కాని వానకాలపు బురదలోని యిసుక రబ్బరులో నాటుకొన్నచో, అది యాకురాయివలె చక్రపు టంచును గీరును. ఇరుసునందలి యుక్కుగుండ్లకు కందెన యెండినను, నీరు సోకినను, అవి తిరుగుదారి గుంటలు పడును. యంత్రము చేసినవాడు అరుగుదల నాపలేదు, ఆపజాలడు; అది యెచ్చట బడవలెనో మాత్రము నిర్ణయించినాడు. సులభముగా మార్పదగిన చిన్న భాగములమీద దానిని మోపి, వానిని గనిపెట్టి చూచు భారమును యజమానునికి విడిచినాడు.

ఇంకొక విశేషము. ముందు టైరుకంటె వెనుక టైరు త్వరగా నరుగును. కూర్చున్నవాని బరువులో నెక్కువపాలు దానిమీదనే పడును. తొక్కుటలోని బలమంతయు దానిద్వారముననే నేలకు జేరును. తొక్కువాని కంటికి మాత్రము ముందు చక్రమే యగపడుచుండును.

చదువరులారా! మన యిండ్లలో వెనుక చక్ర మెవరు? తెల్లవారకమున్నే లేచి, అందరు నిద్రించిన పిదప పండుకొను నిల్లాలు గాదా? ఇల్లాలు పనికి బోయిన యిండ్ల నంట్లు తోము పనిమనిషి గాదా? వీధిలో గౌరవము పొందు ముందు చక్రము మనమై, బరువును వెనుకకు నెట్టితిమి. సైకిలు కిర్రుమనినచో నాటి సాయంకాలమే నూనె వేయు గృహస్థు, భార్య నడుము పట్టుకొని మూలిగినప్పుడు పత్రిక పుట యేల త్రిప్పును? "వయసు వచ్చినది గదా" యను నొక్క మాటతో సమాధానపడు టేల? వయసు భర్తకును వచ్చినదే! ఒకే యింట నొకే వయసువారిలో నొకరు ముందుగా నరిగినచో, అది కాలము చేసిన పని గాదు, పంపకమునందలి యన్యాయము.

ఆమె యిష్టపూర్వకముగానే చేయుచున్నదని కొందరందురు. వద్దనుటకు వీలున్నచోటనే యిష్టమను మాట కర్థము గలదు. దేహము జీర్ణించుట సహజమనియు, గీత దానిని పాతబడిన వస్త్రముతో బోల్చినదనియు మరికొందరందురు. ఆ యుపమానము మరణదుఃఖమును దీర్చుటకై చెప్పబడినది. ఒకరి వస్త్రమును మనము తొడిగి చింపుట కది యనుజ్ఞ కాదు.

థీసియసు నావలో కుళ్ళిన పలకలను దీసి యేథెన్సువారు కొత్తవి వేయుచు వచ్చిరనియు, అది పూర్వపు నావయేనా కాదా యని తాత్త్వికులు వాదించిరనియు ప్లూటార్కు వ్రాసినాడు. సైకిలు విషయమున నీ వాదము వినోదమాత్రమే. గొలుసు, టైర్లు, సీటు మారినను మనము దానినే యెక్కి పోవుదుము. మనుష్యుల విషయమున నట్లు గాదు. అరిగిన తల్లికి బదులు తల్లి యే యంగడిలోను దొరకదు. అరుగుటకే చేసి, మార్చుటకే యుంచిన భాగముపాటి శ్రద్ధయైన లేక, మార్పరాని మనిషిమీద నరుగుదల మోపుట యంత్రము చేసినవాడు సైతము చేయని తప్పు.

జీర్ణోద్ధరణమను గొప్ప మాట మనకు గలదు. శిథిలమైన గుడిని బాగుచేయించుట పుణ్యమని నమ్మి, దాతల పేర్లు రాళ్ళమీద జెక్కించితిమి. ఆ మాటను వంటింటి గడప దాటింపలేదు. కుమారుడు బియ్యము కడుగనిండు, కూతురు గొలుసు బిగించుట నేర్వనిండు. పనిమనిషికి వారమున కొకనాడు కూలి కోయని సెలవిత్తము. దీనికి ధనముకంటె నెక్కువగా గావలసినది మనసు.

గొలుసు నరుగుదల దెలియుటకు కొలబద్ద యొకటి చాలును. ఇంటివారి యలసటకు కొలబద్ద లేదు. వారి నడుగవలెను, వారు చెప్పినది నమ్మవలెను, పిమ్మట వారి చేతిలోని పనిని మనము కొంత యందుకొనవలెను.