పరిసయ్యుని లెక్క, మన కాలువ



ప్రార్థన చేయుటకు ఇద్దరు దేవాలయమునకు వెళ్లిన ఉపమానము (లూకా 18) మనకు తెలిసినదే. పరిసయ్యుడు చెప్పుకొన్న ఉపవాసములును దశమభాగములును అబద్ధములని ప్రభువు అనలేదు. లెక్క సరియైనదే కావచ్చును. అయితే ఆ లెక్కను అతడు దూరముగా నిలిచిన సుంకరితో పోల్చి చూచుకొనెను. అక్కడనే అతని ప్రార్థన చెడిపోయినది.

ప్లాస్టిక్కు విషయములో మనమును ఇట్టి ప్రార్థనయే చేయుచున్నాము. గుడివాడ ప్రాంతమునుండి అమెరికా వెళ్లిన మన బిడ్డలు సెలవులకు వచ్చి, అక్కడ వీధులలో చెత్త కనబడదని చెప్పుదురు. వారు మనకంటె ఎన్నో రెట్లు పారవేయుదురు గదా అని మనము అందుము. రెండును నిజమే. ఓఇసిడి అను దేశముల కూటమి 2022లో ప్రచురించిన లెక్క ప్రకారము, 2019లో అమెరికాలో మనిషికి 221 కిలోల ప్లాస్టిక్కు చెత్త వచ్చినది. ఆ కూటమిలోని ఐరోపా దేశములలో 114 కిలోలు. జపాను, కొరియాలలో 69. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019-20కి చూపినది దేశమంతటికి సుమారు 34 లక్షల టన్నులు, అనగా మనిషికి 3 కిలోలకు లోపే. కొలిచిన పద్ధతులు వేరు గనుక ఈ రెంటిని ఒకే త్రాసులో వేయరాదు. అయినను తేడా పెద్దదే.

వీధిలో కనబడనంత మాత్రాన చెత్త లేకపోయినదని కాదు. సంపన్న దేశముల ప్లాస్టిక్కు చాలకాలము ఓడలమీద చైనాకు పోయెడిది. 2018లో చైనా తలుపు మూయగా మలేషియా వంటి దేశములకు మళ్లినది. 2019లో ప్రపంచమంతట వచ్చిన ప్లాస్టిక్కు చెత్తలో మరల వస్తువులైనది నూటికి 9 పాళ్లే.

మరి మన 3 కిలోలు ఎక్కడికి పోవుచున్నవి? వేసవిలో కాలువలు కట్టివేసినపుడు బందరు కాలువ గట్టున నిలిచి చూడుడి. అడుగు బురదలో, తూముల నోట, ఎండిన గుర్రపుడెక్క వేళ్లలో సంచులు, సీసాలు, పాల ప్యాకెట్లు. మరల నీరు వదలగానే అవి దిగువకు కదలును. ఆ కాలువ నీటినే చెరువులకు పెట్టుకొని త్రాగు పల్లెలు గలవు. మిగిలినది మురుగుకాలువల వెంట సముద్రము చేరి, గిలకలదిండి జాలరుల వలలో చేపలతోకూడ పైకి వచ్చును. మన తూమును మూసినవి అమెరికావారి 221 కిలోలు కావు.

ప్లాస్టిక్కు గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధము. అయినను గత క్రిస్మసు ప్రేమవిందులో మేము వాడినవి అవే. మరునాడు గుడి వెనుక కాలువగట్టున అవి ఎగురుచుండగా చూచి సిగ్గుపడితిమి. కోతపండుగకు స్టీలు కంచములు కొందమని సంఘపెద్దలు తీర్మానించిరి. అప్పుడు ఒక అమ్మగారు లేచి, “అయ్యగారూ, కొనుట మీ వంతు, మూడువందల కంచములు తోముట మా వంతా?” అని అడిగిరి. ఎవరును మాటలాడలేదు.

యోహాను సువార్త 6వ అధ్యాయములో అయిదువేలమంది భుజించిన తరువాత, మిగిలిన ముక్కలను పోగుచేయుమని ప్రభువు చెప్పెను. ఆ కొండమీది గడ్డిలో వదలివేసినచో అడుగువారెవరు? ఆయన వదలనీయలేదు. పండ్రెండు గంపలు నిండెను. నింపినవారు శిష్యులు. వంటవారు కారు, స్త్రీలు కారు. ఈ భాగమును ఎన్నిమారులు ప్రసంగించినను, ఆ అమ్మగారు అడుగువరకు ఈ సంగతి మాకు తోచలేదు.

కోతపండుగనాడు కంచములు తోమువారి జాబితా గుడి తలుపునకు అంటించినాము. అందులో మా పేరే మొదటిది.