పట్టుదల ఎవరి దగ్గర చూపాలి?

ఈ వారం వీడియోలో లూకా 18వ అధ్యాయంలోని విధవరాలి గురించి ధ్యానించాం. సమయం చాలక ఒక ప్రశ్న అక్కడే ఆపేశాను. కుప్పంలో గృహ కూడిక అయ్యాక ఒక అక్క అడిగిన ప్రశ్న అది.

"అన్నా, మా వీధిలో ఏడేండ్లుగా చెప్తా ఉండాను. పొద్దున్నే బెంగళూరు ట్రైన్ ఎక్కిపోయేవాళ్ళు, రాత్రికి గానీ ఇల్లు చేరరు. దేవుడు ఉన్నాడంటే సరే అంటారు, లేడన్నా సరే అంటారు. కోపం కూడా చేసుకోరు. ఇంకా చెప్పాల్నా, మానేయాల్నా?"

తిట్టేవాళ్ళ మధ్య సాక్ష్యం చెప్పడం ఒక రకం కష్టం, పట్టించుకోని వాళ్ళ మధ్య చెప్పడం ఇంకో రకం. నా మటుకు రెండోదే బరువు. తిట్టేవాడు కనీసం విన్నాడు కదా!

ఇలాంటప్పుడు మనం వెంటనే ఆ విధవరాలిని చూపిస్తాం. కానీ ఒక్కసారి ఆగి చదవండి. ఆమె ఎవరి వెంట పడింది? న్యాయాధిపతి వెంట. యేసుప్రభువు ఆ ఉపమానం ప్రార్థన గురించి చెప్పాడు, పక్కింటి తలుపు కొట్టడం గురించి కాదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆయన తీరు వేరు. ఆస్తిపరుడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆయన అతన్ని ప్రేమించాడని మార్కు రాశాడు గానీ, వెంట పరుగెత్తాడని రాయలేదు. సమరయుల గ్రామం ఒకటి రానివ్వకపోతే, అగ్ని కురిపిద్దామన్న శిష్యుల్ని గద్దించి ఇంకో ఊరికి నడిచాడు. దేవుని దగ్గర మొండితనం, మనిషి దగ్గర ఓపిక. మనం చాలాసార్లు వీటిని తారుమారు చేస్తాం. ప్రార్థనలో తొందరగా అలిసిపోయి, పొరుగువాళ్ళ మీద పట్టు బిగిస్తాం.

అయితే వదిలేయమంటావా అని అడుగుతారు. లేదు. మన మదనపల్లెనే చూడండి. డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ గారు 1863లో ఇక్కడికి వచ్చారు. వైద్యం చేశారు, వీధుల్లో ప్రకటించారు, తెలుగు బైబిలు సవరణలో ఏళ్ళ తరబడి పనిచేశారు, 1908లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. మన గొంతు ఒక్కటే వినబడిన ఊరు కాదు ఇది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు, 1915లో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు కాలేజీ పెట్టిన ఊరు. అదే 1915లో ఊరి బయట ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి మొదలైంది. చాలా మిషన్లు కలిసి నడిపాయి. డెన్మార్క్ నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారు మొదటి పెద్ద.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ ఆసుపత్రే. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతవరకు మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, నెలల తరబడి మంచం. ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. వీధిలో చెప్తే ఇష్టం లేనివాడు లేచి పోతాడు. మంచం మీదున్నవాడు ఎక్కడికి పోతాడు? అన్నం పెట్టి, కఫం తుడిచిన చేతులే వాక్యం చెప్తే, అతను కాదనగలడా?

పుంగనూరులో ఒక పెద్దాయన నాతో దీని మీద గట్టిగా వాదించాడు. "ఇల్లు తగలబడతా ఉంటే, లేపేదానికి పర్మిషన్ అడుగుతావా నాయనా?" అన్నాడు. తేలిగ్గా కొట్టేసే మాట కాదు. ఆ రాత్రే ప్రాణం పోయే రోగికి రేపు అనేది లేదు.

అయినా నా మనసు ఒప్పదు. మంటలోంచి లేచినవాడికి కళ్ళు తెరవగానే పొగ కనిపిస్తుంది. నర్సమ్మ ఏమనుకుంటుందోనని రోగి చెప్పే "సరే"లో అతను చూసింది ఏముంది? అది మర్యాద, విశ్వాసం కాదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, ఒక్కడే తిరిగొచ్చాడు. మిగతా తొమ్మిది మంది ఎక్కడ అని ప్రభువు అడిగాడు. అడిగాడే గానీ వాళ్ళ స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద మనవాళ్ళలో చాలామందికి బాధ ఉంది, నాకు తెలుసు. కానీ మనసు మార్చేది మనం కాదు, పరిశుద్ధాత్మ అని మనమే కదా బోధిస్తున్నాం!

కాబట్టి లేచి పోలేని మనిషికి, అతను అడిగితేనే చెప్పాలి. అడగకపోయినా సేవ ఒక్క చుక్క తగ్గకూడదు. 1950 నుండి ఆరోగ్యవరం వాళ్ళు బి.సి.జి. టీకా పరిశోధన కోసం మదనపల్లె చుట్టూ పల్లెల్లో ఇంటింటికీ తిరిగారు, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చి చూశారు. వెళ్ళిన ఇంటికే మళ్ళీ వెళ్ళడం కూడా పట్టుదలే.

కుప్పం అక్కతో నేను అన్నది ఇంతే: "చెప్పాల్సింది వాళ్ళకు ఒకసారి చెప్పావు కదక్కా. ఇంక వాళ్ళ పేర్లు రోజూ ప్రభువుకు చెప్పు. రాత్రి పొద్దుపోయి వచ్చే ఆ ఇంట్లో పిల్లోళ్ళు ఒంటరిగా ఉంటే ఒక కన్నేసి ఉంచు. వాళ్ళంతట వాళ్ళు అడిగిన రోజు, దాచుకోకుండా చెప్పు."

పుంగనూరు పెద్దాయన మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. పోయిన వారం సంతలో కనబడి, "అడిగేలోపు పోయినోడి సంగతేంది?" అన్నాడు. వచ్చే వీడియోలో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం, ఏథెన్సులో పౌలు గురించి చూద్దాం. అక్కడ కొందరు మళ్ళీ వింటాం అన్నారు. వాళ్ళు మళ్ళీ విన్నారో లేదో లూకా రాయలేదు. ముందుగా చదువుకుని రండి.