8వ తరగతి బీజగణితం: త్వరపడటమా, సిద్ధపడటమా?

అమెరికాలోని పాఠశాలల నుండి శీతకాలం చివరికల్లా మరుసటి ఏడాది కోర్సుల ఎంపిక పత్రాలు ఇళ్లకు చేరుతాయి. అందులో గణితానికి కేటాయించినది ఒక్క వరుస మాత్రమే. అయినా మన తెలుగు ఇళ్లలో ఆ ఒక్క వరుసపై జరిగే చర్చ పెళ్లి ముహూర్తం మీద జరిగే చర్చకు తీసిపోదు. ఆదివారం ఆలయంలో ప్రసాదం పళ్లెం చేతపట్టుకొని నిలబడినప్పుడు సైతం "మీ అమ్మాయి ఏ మ్యాథ్‌లో ఉందండీ?" అన్న ప్రశ్న వినబడుతుంది. అడిగేవారు తెలుసుకోగోరేది ఆ అమ్మాయికి గణితంలో ఏది నచ్చిందని కాదు, ఎన్నేళ్లు ముందుందని. ఈ చిన్న ప్రశ్న వెనుక ఒక ధర్మసందేహం ఉంది. బిడ్డను ఎంత వేగంగా ముందుకు నడిపించాలి? ఆ నిర్ణయంలో మన బిడ్డ పట్ల మన బాధ్యత ఏమిటి? పక్కింటి బిడ్డ పట్ల కూడా బాధ్యత ఉందా?

ముందుగా ఈ మెట్ల వరుసను చూద్దాం. సాధారణ క్రమంలో 9వ తరగతిలో ఆల్జీబ్రా 1, 10లో జామెట్రీ, 11లో ఆల్జీబ్రా 2, 12లో ప్రీకాల్క్యులస్ వస్తాయి. తెలుగులో చెప్పుకుంటే బీజగణితం, రేఖాగణితం, మరల బీజగణితం, ఆపైన కలనగణితానికి సన్నాహం. ఏడాదికి ఒక్క మెట్టు. ఈ లెక్కన కలనగణితం, అంటే కాల్క్యులస్, హైస్కూలు ముగిసేలోగా అందదు. 12వ తరగతిలో అందాలంటే ఆల్జీబ్రా 1 8వ తరగతిలోనే పూర్తి కావాలి. 7లో పూర్తిచేసినవారికి కాల్క్యులస్ 11లోనే వస్తుంది. అదీ ముగించి, దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా వంటి కోర్సులు చదివే పిల్లలూ ఉన్నారు. కాబట్టి పదకొండేళ్ల, పన్నెండేళ్ల ప్రాయంలో జరిగే ఒక నిర్ణయం మిగిలిన పాఠశాల జీవితమంతటి దారిని చాలావరకు నిర్దేశిస్తుంది. మన తల్లిదండ్రుల ఆందోళన అకారణం కాదు.

ఆ ఆందోళనకు మరొక మూలం కూడా ఉంది. ఎంసెట్ ర్యాంకు ఒక్కటే భవిష్యత్తును తేల్చిన కాలంలో చదువుకొని వచ్చిన తరం మనది. ఒక్క మార్కు తేడాతో దారులు మారిపోవడాన్ని కళ్లారా చూసినవారికి, వెనుకబడటమంటే తలుపు మూసుకుపోవడమే. ఇంజనీరింగ్ చదవగోరే విద్యార్థికి హైస్కూలు కాల్క్యులస్ ఉపకరిస్తుందన్నదీ నిజమే. తెలిసిన పాఠాన్నే ఏడాది పొడవునా మళ్లీ వింటూ విసిగిపోయే బిడ్డను అక్కడే కూర్చోబెట్టడమూ న్యాయం కాదు. త్వరపడేవారిని అత్యాశాపరులని కొట్టిపారేయడం తేలిక. కానీ అది సమాధానం కాదు.

మన పూర్వుల శాస్త్రగ్రంథాలలో ఒక మంచి ఆచారం ఉండేది. ఒక శాస్త్రాన్ని ఆరంభించే ముందు నాలుగు సంగతులు స్పష్టం చేసేవారు: దీనిని చదవడానికి సిద్ధమైనవాడు ఎవరు, ఇందులోని విషయం ఏమిటి, ఆ విషయానికీ గ్రంథానికీ సంబంధం ఏమిటి, చదివినందువల్ల ప్రయోజనం ఏమిటి. అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే ఈ నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయం అన్నారు. ఇక్కడ అధికారి అంటే ఆఫీసరు కాదు, ఆ విద్యకు తగిన సిద్ధత గలవాడు. ఎంపిక పత్రం మీద సంతకం చేసే ముందు ఈ నాలుగింటిలో మొదటిదాన్నీ చివరిదాన్నీ ఇంట్లో అడిగి చూడటం మేలని మా అభిప్రాయం.

మొదటిది సిద్ధత. దీనిని మార్కులు పూర్తిగా చూపలేవు. ఒక చిన్న పరీక్ష చెబుతాము. 7, 3 కలిపితే 10. దాని వర్గం 100. కానీ 7 వర్గం 49, 3 వర్గం 9, రెండూ కలిపితే 58 మాత్రమే. మిగిలిన 42 ఎక్కడికి పోయింది? సూత్రాన్ని కంఠస్థం చేసిన బిడ్డ క్షణంలో సూత్రం అప్పజెబుతుంది. సిద్ధమైన బిడ్డ కాగితం మీద ఒక పెద్ద చతురస్రం గీసి, దాని లోపల రెండు చిన్న చతురస్రాలు పోగా మిగిలిన రెండు దీర్ఘచతురస్రాలను చూపుతుంది, ఒక్కొక్కటి 21. ఆ చిత్రాన్ని తమ్ముడికో చెల్లెలికో వివరించగలిగితే ఆ బీజం మొలకెత్తినట్లే. బీజగణితానికి ఆ పేరు పెట్టినవారు ఊరికే పెట్టలేదు. పైమెట్లన్నీ దానిలోంచే పెరగాలి. కాల్క్యులస్‌లో తడబడే విద్యార్థి తడబడేది చాలాసార్లు కొత్త భావన దగ్గర కాదు, తొందరలో దాటివచ్చిన భిన్నాల దగ్గర, సమీకరణాల దగ్గర. అమెరికాలోని రెండు ప్రధాన గణిత సంస్థలు, అంటే మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా, గణితోపాధ్యాయుల జాతీయ మండలి, 2012లో ఉమ్మడిగా చెప్పిన మాట సారాంశమూ ఇదే: పాఠశాల గణితపు పరమలక్ష్యం 12వ తరగతిలోగా కాల్క్యులస్ ముగించడం కాదు, కళాశాలలో ఏ చదువు కోరుకున్నా తట్టుకోగల పునాది వేయడం.

అయితే అధికారి అన్న మాటకు ఒక చీకటి చరిత్ర కూడా ఉంది. "నీకు అధికారం లేదు" అన్న ఒక్క మాటతో మన దేశంలో ఎందరికో, కులాన్ని బట్టి, స్త్రీ అయినందుకు, విద్య నిరాకరింపబడింది. సిద్ధతను నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న వదిలేస్తే, ఆ మాట ఎక్కడైనా గోడగా మారుతుంది. అమెరికాలో ఆ గోడను ఎదుర్కొన్నవారిలో రాబర్ట్ మోజెస్ ఒకరు. 1960ల ఆరంభంలో మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి ప్రజల ఓటుహక్కు నమోదు కోసం ప్రాణాలకు తెగించి పనిచేసిన గణితోపాధ్యాయుడు ఆయన. 1982లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ నగరంలో తన కుమార్తె 8వ తరగతికి వచ్చినప్పుడు ఆ పాఠశాలలో ఆల్జీబ్రా బోధించడం లేదని తెలిసింది. ఆయన తరగతిలోకే వెళ్లి ఆమెకూ, మరి కొందరు సహవిద్యార్థులకూ తానే పాఠం చెప్పారు. ఆ కొద్దిమందితో మొదలైనదే ఆల్జీబ్రా ప్రాజెక్ట్. పేద పిల్లలకు బీజగణితం అందడం ఓటుహక్కు అంతటి పౌరహక్కని 2021లో మరణించేవరకు ఆయన చెబుతూ వచ్చారు. ఆయన ఆరంభం కూడా మనలాగే సొంత బిడ్డ చదువు గురించిన తపన. భేదం ఏమిటంటే, ఆ తపన సొంత బిడ్డ దగ్గర ఆగలేదు.

గోడ వద్దనుకొని మెట్టునే తీసివేస్తే ఏమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కో చూపింది. తొందరగా ముందుకు పోయే వరుసలలో కొన్ని వర్గాల పిల్లలే కనిపిస్తున్నారని, 2014లో అక్కడి పాఠశాలలు 8వ తరగతి ఆల్జీబ్రాను తొలగించి అందరికీ 9వ తరగతిలోనే బోధించసాగాయి. ఉద్దేశం సమానత్వమే. కానీ స్థోమత ఉన్న కుటుంబాలు బయట డబ్బు కట్టి ఆ కోర్సు చదివించుకున్నాయి; లేనివారికి ఆ దారి దొరకలేదు. పైస్థాయి గణిత తరగతులలో జాతుల మధ్య ఉన్న అంతరం పెద్దగా తగ్గలేదని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో చూపారు. 2024 ఫిబ్రవరిలో బోర్డు ఆ కోర్సును తిరిగి తేవాలని నిర్ణయించింది. మార్చిలో జరిగిన సలహాపూర్వక ఓటింగులో 80 శాతానికి పైగా ప్రజలు అదే కోరారు. ఉచితంగా దొరికే మెట్టును తీసివేస్తే మెట్టు మాయం కాదు, దానికి ధర ఏర్పడుతుంది.

మరి న్యాయమైన దారి ఏది? చట్టాలు కొంత చూపాయి. 9వ తరగతి గణిత ప్లేస్‌మెంట్ ఒక్కరి అభిప్రాయం మీద ఆధారపడకూడదని, నిష్పాక్షికమైన ఒకటికి మించిన కొలమానాలు ఉండాలని, బడి తెరిచిన మొదటి నెలలోనే మరల పరిశీలించాలని కాలిఫోర్నియా 2015లో శాసనం చేసింది. టెక్సస్ 2023లో మరొక అడుగు వేసింది. 5వ తరగతి రాష్ట్ర గణిత పరీక్షలో పైనున్న 40 శాతం పిల్లలను, ఎవరూ అడగకుండానే, 6వ తరగతిలో అడ్వాన్స్‌డ్ గణితంలో చేర్చాలన్నది ఆ చట్టం. వద్దనుకునే తల్లిదండ్రులు తప్పుకోవచ్చు. దీని విలువ మనకు వెంటనే తట్టకపోవచ్చు. ఎందుకంటే మనకు ఎవరిని ఎప్పుడు అడగాలో తెలుసు. రాత్రి షిఫ్టులో పనిచేసే తల్లికి, ఇంగ్లిషు రాని తండ్రికి అలా అడగవచ్చన్న సంగతే తెలియదు. అడగడం తెలిసినవారికే దక్కే అవకాశం, పేరుకు అందరిదైనా నిజానికి కొందరిదే.

ఇక చివరి ప్రశ్న ప్రయోజనం. కాల్క్యులస్ వైపు పోని దారులను మన ఇళ్లలో చిన్నచూపు చూస్తాం. స్టాటిస్టిక్స్ తీసుకుంటానని బిడ్డ అంటే, తేలిక దారి వెతుకుతోందని అనుమానిస్తాం. కాని గణాంకశాస్త్రంలో లోకమంతా తలవంచి నమస్కరించిన సి. ఆర్. రావుగారు మన తెలుగువారే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో గణాంకశాస్త్రం అభ్యసించి, 1945లో ప్రచురించిన వ్యాసంతో ఆ శాస్త్రాన్నే మలుపు తిప్పారు. దరిమిలా అమెరికా వచ్చి, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకొని, ఆ ఏడే నూరేళ్లు దాటిన వయసులో ఇక్కడే కన్నుమూశారు. బాల్యంలో తనను రోజూ తెల్లవారుజామున నాలుగింటికి నిద్రలేపి, చదువుకోవడానికి దీపం వెలిగించి పెట్టిన తల్లికి ఆయన ఒక గ్రంథాన్ని అంకితమిచ్చారు. ఆ తల్లి పట్టుదల తక్కువది కాదు. అయితే ఆమె వెలిగించినది దీపం. ఆ వెలుగులో ఏమి చూడాలో, ఎంత దూరం చూడాలో కుమారుడికే వదిలారు. పట్టుదల మంచిదా చెడ్డదా అని తగవు పడనక్కరలేదు. అది బిడ్డ ముందు దీపమై ఉందా, వెనుక చెర్నకోలయై ఉందా అని చూసుకుంటే చాలు.

ఎవరి కోసం తలుపు తెరవాలన్న ప్రశ్నకు మన సాహిత్యంలోనే ఒక ఆదర్శం ఉంది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో కావ్యాలు అప్పుడప్పుడే పుడుతున్న తొలినాళ్లలోనే గణితం కూడా తెలుగు మాట్లాడింది. సంస్కృతం రానివారికి ఈ విద్య ఎందుకని మల్లన అనుకోలేదు. విషయాన్ని పలచన చేయకుండానే దారిని సుగమం చేయవచ్చని ఆయన కృషి నిరూపించింది.

ఈ ఆలోచనలు ఆచరణలోకి రావాలంటే మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో బిడ్డ "నాకు అర్థం కాలేదు" అని భయపడకుండా చెప్పగలగాలి. ఒక మెట్టు దిగి మరల చదువుతానంటే అది పరువు సమస్య కాకూడదు. సిద్ధంగా ఉన్న బిడ్డను వయసు చెప్పి ఆపకూడదు. స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్లి మన పిల్లల కోసం పైతరగతులు అడిగేటప్పుడు, అదే నోటితో, ఆ తరగతులకు చేరలేకపోతున్న పిల్లలకు ఉచిత వేసవి పాఠాలూ, అందరికీ సమానమైన పరీక్షలూ అడగాలి. మన ఆలయాలలో వారాంతపు గణిత తరగతులు నడిచేచోట ఇరుగుపొరుగు పిల్లలనూ రమ్మనాలి. మన పెద్దపిల్లలకు వారికి బోధించే అవకాశం దొరుకుతుంది. బోధించిన పాఠం మరచిపోవడం కష్టం కూడా.

పత్రం మీది ఆ ఒక్క వరుస నింపే రోజున బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ చతురస్రం బొమ్మ ఒకసారి గీయించి చూడండి. బొమ్మ పూర్తయ్యాక, "నీకు ఇంకా చదవాలని ఉందా?" అని అడగండి. జవాబు అవునైనా కాదైనా, సంతకం చేయడానికి అంతకన్నా మంచి ఆధారం మరొకటి లేదు.