కృష్ణుడు ముందు విన్నాడు

‘‘ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ? కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవచ్చుగా!’’

ఈ మాట వినపడని తెలుగు ఇల్లు అరుదు. పెద్దవాళ్ల నోరు మూయించడానికి భగవన్నామాన్ని వాడుకునే ఈ అలవాటు నాకు బొత్తిగా నచ్చదు.

గడియ వేశానా లేదా అని అర్ధరాత్రి నాలుగుసార్లు లేచే తల్లి, కొడుకు ఫోను పావుగంట ఆలస్యమైతే చెమటలు పట్టే తండ్రి కావాలని అలా చేయరు. నెలల తరబడి ఇదే వరసైతే దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు. అది ఆందోళన రుగ్మత కావచ్చు. మలివయసులో అది తరచు ఒంటి బాధలా కనిపిస్తుంది. నిద్ర పట్టదు, గుండె దడ, కడుపులో తిప్పడం, వణుకు. పరీక్షలు చేయించి ‘ఏమీ లేదట’ అని తేల్చేస్తాం. ఏమీ లేకపోతే ఆ మనిషికి కంటిమీద కునుకెందుకు లేదు?

కురుక్షేత్రంలో అర్జునుడి స్థితీ ఇలాంటిదే. నోరెండింది, ఒళ్లు వణికింది, గాండీవం చేజారింది, తల తిరిగింది. తొలి అధ్యాయం మొత్తంలో కృష్ణుడు పలికింది ఒకే ఒక్క మాట, కౌరవుల్ని చూడమని. ఆపైన అర్జునుడి గోడంతా మౌనంగా విన్నాడు. రెండో అధ్యాయంలో ముందు మందలించాడు, నిజమే. మందలిస్తే దుఃఖం తగ్గలేదు. దిక్కు తోచడం లేదని అర్జునుడు మళ్లీ చెప్పుకున్నాడు, ఆయన మళ్లీ విన్నాడు. బోధ ఆ తర్వాతే. మనమేమో బోధతోనే మొదలుపెడతాం.

జపం వద్దని నేననను. మనసు నిలవడానికి అది మంచి ఊతం. కానీ థైరాయిడ్ తేడా వల్లా, వాడుతున్న కొన్ని మందుల వల్లా కూడా దడ పుట్టవచ్చు. అందుకే వైద్యుడికి చూపించాలి. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం వేయొద్దు, పెద్దవాళ్లు తూలి పడిపోవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం. వైద్యుడిచ్చిన మాత్ర వేసుకున్నంత మాత్రాన భక్తికి లోటు రాదు.

ఈ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని ‘‘దేనికమ్మా భయం?’’ అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. శంఖాలు మోగాక, రెండు సేనల నడుమ, పగ్గాలు చేతపట్టుకుని కూడా కృష్ణుడికి వినే తీరిక దొరికింది. మనకేం యుద్ధం ముంచుకొస్తోంది?