నేతికి గిన్నె, టీవీకి బల్ల

నేతికి గిన్నె ఆధారమా, గిన్నెకు నెయ్యి ఆధారమా అని తేల్చుకోవడానికి గిన్నె బోర్లించిన తార్కికుడి కథ పాతదే. నెయ్యి నేలపాలైందని నవ్వుకుంటాం గానీ, ఆ ప్రశ్న మాత్రం నవ్వులాటది కాదు. అల్లూరులో ఒక ఇంటివారు టీవీకీ, ఆంప్లిఫయర్‌కీ, స్పీకర్లకూ స్టాండు ఎంచుకోవాలన్నా అదే ఎదురవుతుంది: వస్తువు కోసం బల్లా, బల్ల కోసం వస్తువా? 17వ శతాబ్దపు తెలుగు తార్కికుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇక్కడ పనికొచ్చే తేడా ఒకటి ఉంది. విడివిడి వస్తువులు వచ్చి కలిస్తే అది సంయోగం, కలిసినది విడిపోతుంది. దారాలను ఆశ్రయించి తప్ప బట్ట ఉండలేదు. అది సమవాయం, నిత్యసంబంధం. బల్లకూ టీవీకీ ఉన్నది సంయోగమే. ఆ రెంటితో మనకున్నదీ అదే. దాన్ని సమవాయమని భ్రమపడటమే మమకారం. స్టాండు ఎంపికలో మంచిచెడ్డలన్నీ ఈ తేడా దగ్గరే తేలతాయని నా వాదం.

ఇసకపల్లి సముద్రతీరం వైపు నుంచి ఉప్పుగాలి వీచే అల్లూరులో కలిసినవి విడిపోతాయని చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు పార్టికల్ బోర్డు అంచులు ఉబ్బుతాయి. ఆరినా మునుపటి రూపానికి రావు, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. రంగు లేచినచోట ఇనుపకాలు తుప్పు పడుతుంది. అందుకే ఇక్కడ బాగా ఆరిన టేకో, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డో మేలు. తడిగుడ్డ తగలకుండా, చెదలు కంటపడేలా కాళ్లు ఎత్తుగా ఉండాలి. బరువైనవి కింది అరలో, వేడెక్కే ఆంప్లిఫయర్ పైన గాలాడేచోట. వెనక వైపు పలక లేకపోతే వైర్లకూ దారి, వేడికీ దారి. బల్ల కొనడానికి ఇంత తర్కమెందుకు, వైరాగ్యం ఉన్నవాడికి ఏ బల్లయితేనేం అనవచ్చు. కానీ తార్కికులు ఎప్పుడూ కుండనూ బట్టనూ పట్టుకునే లోకాన్ని వివరించారు. పైగా నిర్లక్ష్యం వైరాగ్యం కాదు. గాలాడని అరలో ఆంప్లిఫయర్ త్వరగా పాడైతే కొనవలసింది మరొకటి.

గోడకు కలిపి కట్టించిన అలమర అందంగా, గట్టిగా ఉంటుంది కదా అన్నది ఇంకో అభ్యంతరం. గట్టిదే, కానీ అది నమ్మేది సమవాయాన్ని. డబ్బా టీవీకీ, వీసీఆర్‌కీ కొలిచి కట్టించిన గూళ్లలోకి పలచటి టీవీ వచ్చేసరికి లోతు వృథా అయింది, వెడల్పు చాలలేదు. కొత్తగా పెద్ద గూడు కట్టిస్తే దాన్ని నింపడానికి పెద్ద టీవీ కావాలనిపిస్తుంది. గిన్నెకు నెయ్యి ఆధారం కావడమంటే ఇదే. యోగసూత్రాలు యమాల్లో అయిదోదిగా చెప్పిన అపరిగ్రహం వస్తువును కాదు, ఈ తిరగబడ్డ లెక్కను వద్దంటుంది. అరల ఎత్తు మార్చుకోగలిగే విడి స్టాండు ఆ లెక్కను సరిగా ఉంచుతుంది.

అసలైన అభ్యంతరం భక్తి వైపు నుంచి వస్తుంది. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక దేశంలో ఎన్నో ఇళ్లలో టీవీకి దండ వేశారు, అగరొత్తులు వెలిగించారు. అప్పుడు టీవీ బల్ల పీఠమే అయింది; పీఠంతో బంధం కూడా ఉత్త సంయోగమేనా? మన పూజావిధానమే దీనికి జవాబు చెబుతుంది. ఆవాహనతో మొదలైన పూజ ఉద్వాసనతో ముగుస్తుంది. వినాయకచవితికి పీటమీద కూర్చోబెట్టిన మట్టి ప్రతిమను మనమే నీళ్లలో కలిపి, పీటను కడిగి దాచుకుంటాం. అంతటి స్వామికే ఉద్వాసన చెప్పగలిగిన పీట ఏ వస్తువునూ శాశ్వతమని నమ్మదు. స్టాండు కొనేముందు అడగాల్సిన ప్రశ్నా అదే: దీనిమీద ఏం పెట్టగలమని కాదు, పెట్టినదాన్ని దేన్నీ పగలగొట్టకుండా దించగలమా అని.